తగరం ఏడుపు

ఈ ఉదయం ల్యాబులో చీకటి పెట్టెలోకి తొంగిచూస్తే చిన్న గొట్టంలో పచ్చని వెలుగు కనబడింది. మేము వాడేది డీఎన్‌ఏ పోగు. నీళ్లలో రవ్వంత సీసమున్నా ఆ పోగు తెగి మెరుస్తుంది. అవి ఒక పల్లె బడి నీళ్లు. పోయిన నెల పాతబడి పనిచేయని రసాయనంతో పరీక్ష చేసి, మంచివేనని సంతకం పెట్టింది నేనే. కొత్త రిపోర్టు పంపి ఊరుకుంటే సరిపోతుంది, నన్నెవరూ అడగరు. కానీ ఖాసిం తాత గుర్తొచ్చాడు.

ఆదోనిలో మా వీధి మొదట్లో కొలిమి పెట్టుకుని ఇత్తడి గిన్నెలకు కళాయి, అంటే తగరపు పూత, వేసేవాడాయన. నేనప్పుడు కాలేజీలో కెమిస్ట్రీ చదువుతూ, అన్నీ తెలుసన్న పొగరులో ఉన్నాను. ఒకరోజు తగరపు కడ్డీని నా చెవి దగ్గర వంచాడు. కరకరమంది.

"ఇన్యావా పాపా? మంచి తగరం ఏడుస్తాది. సీసం కలిపినారనుకో, నోరెత్తదు. ఆ గిన్నెలో చింతపండు చారు కాస్తే ఇంటిల్లిపాదికీ ఇసమే."

"ఇది మా పుస్తకంలో లేదు తాతా."

"అయితే రాసుకో పో," అని నవ్వాడు.

ఎనభైల మొదట్లో ఒక ఎండాకాలం, నన్ను పిలిచి రెండు కడ్డీలు వంచాడు. పాతది ఏడ్చింది. కొత్తది పలకలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది.

"నాకు రెండూ ఇనపడల్యా. చెవులు పోయి ఆర్నెల్లాయ. చెప్తే గిన్నెలెవురిస్తారని గమ్మున ఉంటి. ఈ కొత్త కడ్డీతోనే వీధంతా పూస్తి గదమ్మా!"

"ఎవరికీ తెలియదు కదా తాతా," అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"నాకు తెల్సిపాయ గదా," అని లేచాడు.

ఆ మధ్యాహ్నమే ఇల్లిల్లూ తిరిగాడు. మా గడప ముందు నిలబడి అమ్మతో, "గిన్నెలియ్యమ్మా, గీకి మళ్లా పూస్తా. చెవుడొచ్చింది, చెప్పకపోతిని. తప్పు నాది," అన్నాడు. కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. ఇంకొందరు మళ్లీ ఆ కొలిమి వైపు రాలేదు. మా అమ్మ మాత్రం గిన్నెలన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. నా చదువయ్యేదాకా కొత్త కడ్డీ ఏది కొన్నా నా చెవి దగ్గరే వంచేవాడు. కాలేజీలో ఎన్ని మార్కులొచ్చినా నాకు అంత గర్వం కలగలేదు.

గొట్టం ఇంకా వెలుగుతూనే ఉంది. బడి హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను.

"సార్, మీ బడి నీళ్లలో సీసముంది, పిల్లల్ని తాగనివ్వకండి. పోయిన నెల నేను మంచివని చెప్పాను. తప్పు నాది."