ముసురులో వెచ్చని చొక్కా

వీధిలో అందరూ ఆమెను నిప్పులమ్మ అనేవారు. చేతిలో బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉన్నందుకు కొందరు, ఆ నోటికి జడిసి కొందరు.

ఆ ఏడు పట్టిన ముసురు పట్టినట్టే ఉండిపోయింది. దండెం మీద బట్టలు ఆరవు, గోడలకు బూజు, ఇంటింటా చిరాకు. నిప్పులమ్మ మొగుడు ఒకప్పుడు బస్సు నడిపినవాడు. ఇప్పుడు ఉలుకూ పలుకూ లేకుండా కిటికీ దగ్గరే కూర్చునేవాడు. పెడితే తినేవాడు, లేకపోతే అదీ లేదు.

"మబ్బు పట్టింది ఆకాశానికి. నీ మొహానికి కాదు," అని ఆమె కసిరేది. అయినా రోజూ పొద్దున్నే గిరాకీల బట్టలు పక్కన పడేసి, ముందు అతని తడి చొక్కాను ఆవిర్లు పోయేదాకా రుద్ది, ఆ వేడిమీదే తొడిగేది. గుండీలు పెడుతుంటే మాత్రం అతను నోరు విప్పేవాడు.

"కాలర్ కాలుతోంది."

"కాలనీ. అలాగైనా నోరు పెగిలింది."

చివరికి ఒకరోజు ఫెళ్లున ఎండ కాసింది. ఏ దండెం చూసినా బట్టలే. అతను చొక్కా పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఇంకా తడిగానే ఉందే," అన్నాడు నేలచూపులు చూస్తూ.

ఆమె అందుకుని చూసింది. చొక్కా ముందుభాగం నుంచి కుళాయి నీళ్లు కారుతున్నాయి. వీపుభాగం ఎండకు పెళపెళలాడుతోంది.

తిట్టడానికే నోరు తెరిచింది. మళ్లీ మూసుకుని, పెట్టెలో ఇంకో గుప్పెడు బొగ్గులు వేసింది.

"కూర్చో," అంది. "ఆరడానికి చాలాసేపే పట్టేలా ఉంది."