గోధుమల వెనక నిలబడిన రాగులు

బెంగళూరు పెద్దాసుపత్రిలో గొట్టం మింగించి, పేగులోంచి చిన్న ముక్క తీసి చూసి, నాకున్న జబ్బు సీలియాక్ అన్నారు. మందు లేదట. గోధుమలు, బార్లీ జన్మలో ముట్టకూడదు, అంతే. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెళ్ళయిన రెండేళ్ళూ విరేచనాలతో పుల్లలా అయిపోయిన నాకు, నీరసం తగ్గాలని మా అత్త రోజూ పోసింది బార్లీ నీళ్ళు, పెట్టింది గోధుమ రవ్వ ఉప్మా. చూడవచ్చినవాళ్ళు తెచ్చింది బన్నులు. అందరూ కలిసి ప్రేమగా నా ప్రాణం తోడేశారన్నమాట.

ఎనభైల్లో అరవ సీమలోని మా ధర్మపురి పక్క రాగి సంగటి అంటే కూలికి పోయేవాళ్ళ తిండి. గోధుమలు కలిగినవాళ్ళకీ, రోగులకీ. కోడలికి మూడు పూటలా సంగటే పెడితే నలుగురూ ఏమనుకుంటారోనని అత్త బెంగ. నాకేమో సంగటంటే ఇష్టమే, కానీ వద్దన్నదాని మీదే కదా మనసు పోతుంది. ఒకే ఒక్కసారి, పుట్టింటి నుంచి వస్తూ, పాలకోడు బస్టాండులో ఒక పరోటా కారం కారంగా ఉన్న సాల్నా పులుసులో ముంచుకుని నిలబడే మింగేశాను. ఆ వారమంతా దానికి శిక్ష అనుభవించాను కూడా.

రెండు నెలలు గడిచినా కడుపు దారికి రాలేదు. నేనే చాటుగా తింటున్నానని వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. చివరికి ఒకరోజు అత్త పళ్ళెంలో కర్పూరం వెలిగించి నా ముందు పెట్టింది. మా పక్క, వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పిన మాటకు తిరుగులేదు.

"దొంగతనంగా ఏమీ తినలేదని సూడం ఆర్పి చెప్పమ్మా," అంది.

నాకు ఒళ్ళు మండింది. నన్ను దొంగను చేస్తారా అని గొంతు చించుకున్నాను. కోపం నిజమే, దాని వెనక ఆ పరోటా ఉన్నదీ నిజమే. కర్పూరం దానంతటదే ఆరిపోయింది. మా ఆయన పేపరు మడిచి, చెప్పులేసుకుని బయటికి పోయారు. ఇంట్లో ఏ పంచాయతీ జరిగినా ఆయన తీర్పు అదే.

ఆ నెల డాక్టరు దగ్గరికి అత్త కూడా వచ్చింది, నా మీద చాడీలు చెప్పడానికి. ఆయన అంతా విని, రాగులు ఎక్కడ ఆడిస్తారని అడిగారు. పిండి మిషన్లో, అంది అత్త. గోధుమలు ఆడేదాంట్లోనేనా, అన్నారు. అత్త తలూపింది. అందులో మిగిలిన చిటికెడు పిండి చాలు, కోడలి పేగు పాడవడానికి, అన్నారు.

బస్సు కృష్ణగిరి దాటాక గానీ అత్త అసలు సంగతి బయటపెట్టలేదు. మిషన్లో ముందువాళ్ళ పిండి కాస్త ఎప్పుడూ వెనకవాళ్ళ డబ్బాలో పడుతుంది. అది తెలిసే, గోధుమలు తెచ్చినవాళ్ళ కోసం కాచుకుని మరీ వాళ్ళ వెనక నిలబడేదట. ఉత్త రాగుల్లో పిల్లకు బలమేముంటుంది, రెండు పిడికిళ్ళ గోధుమ పిండి కలిస్తే మంచిదే కదా అని. డాక్టరు మాన్పించింది చపాతీలనే అనుకుందట. నాకు కోపం రావాల్సింది. బస్సులో అందరూ తిరిగి చూసేలా నవ్వాను.

మర్నాడే పెరట్లో మూలపడ్డ తిరగలి వసారాలోకి వచ్చింది. అత్త అరవై ఏళ్ళ మనిషి, విసిరి విసిరి భుజాలు పీకుతున్నా నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. నెల తిరిగేసరికి నా కడుపు కుదుటపడింది.

అప్పుడే పక్కింటావిడ ఒక మాట మోసుకొచ్చింది. అత్త పిండి మిషన్ దగ్గరికి పోయి, వరుసలో ఉన్న ఆడవాళ్ళందరి ముందూ, మా కోడలు చాటుగా ఏమీ తినలేదు, తప్పు నాది, అని చెప్పి వచ్చిందట. తప్పు ఒప్పుకోవడం ఆమె జాతకంలోనే లేదు. ఆ పూటే తిరగలి పక్కన చతికిలబడి, పాలకోడులో ఒకసారి పరోటా తిన్నానత్తా, అని చెప్పేశాను.

ఆమె తిప్పడం ఆపలేదు.

"నాకు తెలీదా? నీ చీర కొంగుకి సాల్నా మరక ఉండె. ఉతికినది ఎవరనుకుంటివి?"