ఆగి ఆగి నడిచిన జీపు

ఈ ఏడాది వానలు మొదలవడానికి ముందు, ఒక ఆదివారం పొద్దున ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని మా ఇంటి ముందు ఒక పెద్ద బండి వచ్చి ఆగింది. నాతోపాటు ఆఫీసులో పనిచేసిన మిత్రుడిది. కొత్తది కొనుక్కుంటున్నానని, దీన్ని నాకమ్ముతానని, ముందు ఒక రోజు నడిపి చూసుకోమని తాళాలు నా చేతిలో పెట్టి పోయాడు. ఏడుగురు కూర్చునే బండి. మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. నా భార్య గుమ్మంలోనే నిలబడి, దవాఖానాలో ముసలి రోగిని చూసినట్టు దాన్ని చూసింది. "ఉన్నది మనమిద్దరం. స్కూటరున్నది, ఆటోలున్నయ్. గింత తిరిగిన బండిని తెచ్చుకొని దానికి సేవ చేసుడెందుకండీ?" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. మా వీధి చివరి మెకానిక్కు కూడా అటూ ఇటూ కాకుండానే చెప్పాడు. "ఇంజన్ బాగున్నది సార్. క్లచ్ మార్చాలె. ఇంకెన్నేండ్లు నడుస్తదని మాత్రం నన్నడగొద్దు" అన్నాడు. అయినా నేను వద్దనలేకపోయాను. తలుపు తీయగానే లోపలి నుంచి డీజిలు, ఎండిన మట్టి, పాత రెగ్జిను సీట్లు కలిసిన వాసన వచ్చింది. అది మా చిన్నమ్మ తిరిగిన జీపు వాసన.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. పినపాక అవతల, అడవి పల్లెల మధ్య, ఒక క్రైస్తవ మిషన్ దవాఖానాలో నర్సుగా ఉండేది. డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం దొరకక, పొద్దస్తమానం ఇంట్లో అందరి కాళ్లకూ అడ్డం పడుతున్న రోజుల్లో మా అమ్మ నన్ను ఆమె దగ్గరకు పంపించింది. వానాకాలం మొత్తం అక్కడే ఉన్నాను. వారంలో చాలా రోజులు చిన్నమ్మ మందుల పెట్టె పెట్టుకొని గూడేలకు వెళ్లేది. నేనూ జీపు వెనక కూర్చునేవాణ్ణి. జీపు నడిపే ఆయనది కారేపల్లి దగ్గర తండా. తర్వాతి కాలంలో మా బాబాయి అయ్యాడు కాబట్టి, ఇప్పటినుంచే బాబాయి అనేస్తాను. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. అందరి ముందూ ఏదో తప్పుచేసినవాడిలా తల వంచుకొని నిలబడేవాడు గానీ స్టీరింగు ముందు కూర్చుంటే మాత్రం నడుము నిటారుగా నిలిచేది.

ఆ జీపు ఎక్కడబడితే అక్కడ ఆగిపోయేది. టేకు చెట్ల మధ్య ఏ మలుపులోనో ఉన్నట్టుండి పక్కకు తీసి, "ఇంజన్ వేడెక్కింది సిస్టరమ్మా, జరసేపు ఆగాలె" అనేవాడు బాబాయి. బానెట్ ఎత్తి, డబ్బా నా చేతికిచ్చి నీళ్లకు పంపేవాడు. పక్కనే గుంటలో నీళ్లు కనబడుతున్నా అవి ఇంజన్‌కు పడవని చెప్పి వాగు దాకా నడిపించేవాడు. నేను కూడా ఇంజన్లు ఇంత సున్నితంగా ఉంటాయి కాబోలనుకొని, ఇప్పచెట్ల కింద నుంచి, తడిసిన ఆకుల మీద జారుకుంటూ పోయి తెచ్చేవాణ్ణి. తిరిగి వచ్చేసరికి చిన్నమ్మ ఒక రాతి మీద కూర్చొని ఉండేది. బాబాయి బానెట్ దగ్గర నిలబడి ఇంజన్‌కు చెబుతున్నట్టుగా ఆమెకు తన చిన్నప్పటి సంగతులు చెబుతుండేవాడు. నన్ను చూడగానే మాట ఆగిపోయేది. ఇల్లు చేరాక చిన్నమ్మ విసుక్కునేది. ఈ జీపుతో వేగలేనని, వేరే బండి ఇప్పించమని మిషన్ పెద్దలను ఎన్నోసార్లు అడిగింది కూడా. చూద్దామనేవారు వాళ్లు.

ఒక మధ్యాహ్నం వాన కురుస్తుండగా ఒక కోయ ఆయన, అతని తమ్ముళ్లు కలిసి అతని భార్యను మంచం మీద మోసుకొచ్చారు. చలిజ్వరం ముదిరి ఆమెకు తెలివి లేదు. చిన్నమ్మ కనురెప్పలు ఎత్తి చూసి, "ఇక్కడ కాదు, భద్రాచలం పోవాలె, జల్దీ" అంది. జీపు వెనక ఆమెను పడుకోబెట్టాం. సెలైన్ సీసా ఎత్తి పట్టుకొని నేను నిలబడ్డాను. భర్త ఆమె పాదాలు రెండూ ఒళ్లో పెట్టుకొని రుద్దుతూ వాళ్ల భాషలో ఏదో అంటున్నాడు. "కాళ్లు సల్లబడుతున్నయంటున్నడు" అన్నాడు బాబాయి, ముందుకే చూస్తూ. చిన్నమ్మ కళ్లు మూసుకొని పైకే ప్రార్థన చేసింది. "ప్రభువా, ఈ ఒక్క పూట ఈ బండి ఆగకుండ చూడు."

జీపు ఆగలేదు. మేం ఎప్పుడూ ఆగే మలుపులన్నీ ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. రోడ్డు మీదికి ఎక్కిన వాగునీళ్లలో ఒకచోట బండి పక్కకు జరిగింది, ఆ భర్త నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. బాబాయి గేరు మార్చాడు, ఇంజన్ గట్టిగా రొప్పుతూ ఒడ్డెక్కింది. గోదావరి వంతెన దాటి దవాఖానా మెట్ల దగ్గరే ఆపాడు. ఆమెను లోపలికి తీసుకుపోయారు. చాలాసేపటికి డాక్టరు వచ్చి, టైముకు తెచ్చారు, బతుకుతుందన్నాడు. ఆ భర్త వరండాలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చిన్నమ్మ బయటకు వచ్చి జీపు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది. "ఇయ్యాల ఇంజన్ వేడెక్కలేదా?" అంది.

"వానకు సల్లగున్నది సిస్టరమ్మా."

"నిన్న గూడ వానే గదా?"

బాబాయి చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు. చిన్నమ్మ ఆయన వంక చూసి, గొంతు విప్పి నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను అంతకుముందు వినలేదు. తిరుగుదారిలో అడవి మొదలైన చోట ఆమే అంది: "జరసేపు ఆపండి. వేడెక్కినట్టున్నది." నేను డబ్బా తీసుకొని దిగాను.

పెళ్లికి మా వైపూ ఒప్పుకోలేదు, తండా వైపూ ఒప్పుకోలేదు. చర్చి మనిషి కాడని వీళ్లు, తండా పిల్ల కాదని వాళ్లు. ఇద్దరూ ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా సంతకాలు పెట్టి పెళ్లి చేసుకొని, మళ్లీ అదే జీపు ఎక్కి పనికి పోయారు. కోపాలు కరగడానికి ఏళ్లు పట్టింది. ఉద్యోగం అయిపోయాక కారేపల్లిలో ఇల్లు కట్టుకున్నారు. బాబాయి కొన్నేళ్ల కింద గుండెనొప్పితో పోయాడు. చిన్నమ్మ అక్కడే, ఆయన తమ్ముళ్ల కుటుంబాల మధ్య ఉంది. తండా ఆడవాళ్లు ఇప్పటికీ మందుచీటీలు ఆమెకే చూపిస్తారు.

ఆ ఆదివారం మిత్రుడి బండిని తిన్నగా కారేపల్లికి పోనిచ్చాను. బండిలోని లోపాలు దారిలోనే చూపిద్దామని నా భార్య కూడా వచ్చింది. చిన్నమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి ఎటు పోదామంటే, అడిగే పని లేదన్నట్టు "పినపాక" అంది. దారిలో వెనక్కి తిరిగి నా భార్యకు ఆ జీపు కథ మొదలుపెట్టింది. వెడల్పు రోడ్డు, ఎదురుగా బొగ్గు లారీలు, వాగు మీద కొత్త వంతెన. కథ భద్రాచలం దవాఖానా దాకా రాకముందే మేం పినపాకలో ఉన్నాం.

"అప్పుడే వచ్చినమా?" అంది చిన్నమ్మ. ఆ గొంతులో సంతోషం లేదు. ఇంకొంచెం ముందుకు పోయి, మూతపడిన పాత దవాఖానా ముందు ఆపాను. ఆమె దిగలేదు. అద్దంలోంచి చాలాసేపు చూసింది. "పొద్దున బయలెల్లితె పొద్దుగూకేదాక దారిలనే ఉండేటోళ్లం. ఎన్ని ముచ్చట్లో! ఇంటికొచ్చినంక పని, రోగులు, నిద్ర. మేం మాట్లాడుకున్నదంత ఈ రోడ్డు మీదనేరా" అంది. వెనక సీట్లోంచి నా భార్య చెయ్యి చాచి ఆమె భుజం మీద వేసింది.

కారేపల్లిలో దిగేటప్పుడు చిన్నమ్మ తలుపు పట్టుకొని ఆగింది. "ఇంకోసారి పోదామారా? ఈసారి జర మెల్లగ." ఖమ్మం దగ్గర పడ్డాక నా భార్య, "క్లచ్ మార్పిస్తే నడుస్తదన్నడు గదా మెకానిక్కు?" అంది.

బండి కొన్నాం. క్లచ్ మార్పించాం. ఒక కిటికీ అద్దం సగం దాకే దిగుతుంది, అలాగే ఉంచాం. నిన్న మళ్లీ ముగ్గురం అదే దారిలో వెళ్లాం. చిన్నమ్మ బాబాయి గురించి నేనెప్పుడూ వినని సంగతి ఒకటి మొదలుపెట్టింది. లారీలన్నిటికీ దారి ఇస్తూ, వెనకవాళ్లు హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా పోనిచ్చాను. అయినా ఆమె మాట సగంలో ఉండగానే పినపాక వచ్చేసింది. ఎంత మెల్లగా నడిపినా, ఆ రోడ్డు మీద అప్పటి పొద్దు ఉన్నంత పొడుగ్గా ఇప్పటి పొద్దు ఉండటం లేదు.