అమ్మమ్మ నుదురు

మా అమ్మమ్మ బొమ్మ రాజమండ్రి ఆర్ట్ గ్యాలరీలో ఉందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. ఆ గ్యాలరీలో చాలా మటుకు ఒక్క చిత్రకారుడి బొమ్మలే ఉంటాయి. అమ్మమ్మకి పెళ్లికాక ముందు ఆయన వాళ్ల ఊరొచ్చి కొన్నాళ్లు ఉన్నారనీ, కాలవ రేవులో ఆవిణ్ణి బిందెతో నిలబెట్టి బొమ్మ వేశారనీ తునిలో ఉండే మా పెద్ద మావయ్య చెప్పేవారు. పెళ్లిళ్లలో కొత్త చుట్టాలు కలిస్తే ఆయన ముందు ఎత్తే మాట అదే. అమ్మమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదు. మా అమ్మ రెండో తరగతిలో ఉండగానే ఆవిడ జ్వరంతో పోయింది. అందుకని మా ఇంట్లో అమ్మమ్మ అంటే ఆ బొమ్మే. తమాషా ఏంటంటే, దాన్ని మాలో ఎవరూ చూడలేదు.

మండపేట నుంచి రాజమండ్రి దూరమేం కాదు. జాకెట్ల మీద మగ్గం వర్కుకి డిజైన్లు గీయడం, కుట్టించడం నా పని. పూసలకీ దారాలకీ నేను తరచూ వెళ్తూనే ఉంటాను. అమ్మ లేకుండా ఆ బొమ్మ చూడబుద్ధి కాక వెళ్లిన ప్రతిసారీ రమ్మంటే, మోకాళ్లనేది, ఎండనేది. పోయినేడు వానలు మొదలయ్యాక ఒకరోజు పొద్దున్నే తనే మంచి చీర కట్టుకుని కూర్చుంది. షాపు ఇవాళ్టికి పనమ్మాయిలకి అప్పజెప్పమనీ, ఆ బొమ్మేదో చూసొద్దామనీ అంది. నేను తాళాలు పనమ్మాయిలకిచ్చి బయల్దేరాను.

గ్యాలరీలో మేం తప్ప ఎవరూ లేరు. గోడల నిండా పడవలు, ఎడ్లని కడుగుతున్న మనుషులు, తల దువ్వుకుంటున్న ఆడవాళ్లు. నేను ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఆగుతుంటే అమ్మ వేటినీ పట్టించుకోకుండా నడిచింది. మాకు కావలసింది వెనక గదిలో దొరికింది. పల్చటి నీరెండ, రేవు మెట్లు, బిందె చంకనెత్తుకుని ఇటు తిరిగి చూస్తున్న పిల్ల. మావయ్య చెప్పినదానికంటే బాగుంది.

అమ్మ కళ్లజోడు తీసి, చెంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"మా అమ్మ కాదు," అంది.

అప్పటికి నువ్వు చిన్నపిల్లవి కదా, పైగా ఇది పెళ్లికి ముందు వేసింది కదా అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. వాళ్లింట్లో అద్దం నడవా చివర ఉండేదట. పొద్దున్నే పనుల తొందరలో అంతదూరం వెళ్లే తీరిక లేక, అమ్మమ్మ కింద కూర్చుని అమ్మ చేతనే బొట్టు పెట్టించుకునేదట.

"మా అమ్మది బుల్లి నుదురే. నా వేలు పెడితే నిండిపోయేది. ఈ పిల్లకి రెండు బొట్లు పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది."

ఏడుస్తుందేమోనని అక్కణ్ణుంచి తీసుకొచ్చి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాను. ఏడవలేదు. మొహం తేటగా ఉంది. కాదేమోనన్న భయంతోనే ఇన్నాళ్లూ రాలేదని చెప్పింది. కాదని తేలిపోయాక భయపడడానికి ఏమీ లేదుగా అంది.

నా సంచిలో ట్రేసింగ్ పేపరూ పెన్సిలూ ఎప్పుడూ ఉంటాయి. ఎవరి పెళ్లిలోనో చూసిన అంచుని గాల్లో చేతులు తిప్పుతూ చెప్పే ఆడవాళ్లు మా షాపుకి రోజూ వస్తారు. వాళ్లు చెప్తుంటే గీసేస్తాను, అదేనండీ అంటారు. అంచు గీసిన చెయ్యి మొహం గీయలేదా అనిపించింది.

"చెప్పమ్మా, గీస్తాను."

ముందు నుదురు గీశాను. అమ్మ ఇంకా తగ్గించమంది. ముక్కు మావయ్యదే కానీ కొంచెం చిన్నదట. కళ్ల దగ్గర మాటలు దొరక్క నా మొహం తన వైపు తిప్పుకుని, రెప్పల మీద వేలితో రాసి చూపించింది. చెరిపాను, గీశాను, కాయితం మార్చాను. మధ్యలో గ్యాలరీలో పనిచేసే ఆవిడ టీ గ్లాసుతో వచ్చి మా వెనక నిలబడింది.

"ఎవరండీ ఈవిడ?" అని అడిగింది.

"మా అమ్మండి," అంది మా అమ్మ.

ఆ మాటతో పెన్సిలు పక్కన పెట్టేశాను.

మావయ్యకి ఫోన్లో చెప్తే కోప్పడ్డారు. దానికేం గుర్తుంటుంది, చంటిపిల్ల అన్నారు. నెల తిరక్కుండా తనే మండపేట వచ్చారు. ఫ్రేము కట్టించిన బొమ్మ ముందు నిలబడి, గడ్డం కింద ఎడమవైపు పుట్టుమచ్చ ఉండాలన్నారు. ఆ సంగతి అమ్మకి కూడా తెలియదు. అప్పటికప్పుడు ఫ్రేము విప్పి మచ్చ పెట్టాను. మావయ్య కుర్చీలో కూర్చుని, వాళ్లమ్మ వండే పులుసు సంగతి, కేకలేసే సంగతి సాయంత్రం దాకా చెప్పారు. రేవులో బొమ్మ ఊసెత్తలేదు. అమ్మ మంచినీళ్లకి కూడా లేవకుండా వింది.

ఇప్పుడు అమ్మకి నిలువెత్తు బొమ్మ కావాలట, చేతులతో సహా. చేతులు నాకింకా కుదరడం లేదు, వేళ్లు బిగుసుకుపోతున్నాయి. అందుకే సరుక్కి వెళ్లినప్పుడల్లా గ్యాలరీకి పోయి, ఆ చిత్రకారుడు వేసిన చేతుల ముందు నిలబడుతున్నాను. తల దువ్వుకునే ఆవిడ వేళ్ల దగ్గర ఆయన గీత ఎక్కడ ఆపారో మొన్న పట్టుకున్నాను. దసరాలోగా వేసేస్తాను.