పెట్టని ప్లగ్గు

తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. విన్నాక అసహ్యించుకోవాలనిపిస్తే అసహ్యించుకోండి. జాలి మాత్రం పడకండి, అది నాకు నచ్చదు.

ముందే ఒక మాట. నేను ఎవరికి అన్యాయం చేశానో ఆయనంటే నాకు అప్పుడూ పడలేదు, ఇప్పుడూ పడదు. సూర్యం గారు అనుకుందాం. ఇక్కడ అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్‌కు దక్షిణాన, కాలనీలు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట రెండెకరాల స్థలంలో ఉంటాడు. చిప్ ఫ్యాక్టరీలో ఉద్యోగం చేస్తూనే ఒక ఆవునీ దూడనీ పెంచేవాడు. మనవాళ్లు ఎవరు ఇల్లు కొనుక్కున్నా ముందు ఆవు గడప దాటాలి కదా. ఆ ఆవు ఎప్పుడూ ఆయనదే. పాత పికప్ ట్రక్కుకు పశువుల ట్రైలర్ తగిలించుకుని తనే తోలుకొచ్చేవాడు. వచ్చినవాడు ఊరుకునేవాడా? మామిడాకులు కట్టడం దగ్గర నుంచి కార్లు పెట్టడం దాకా అన్నీ ఆయనే చెప్పాలి. ఒకసారి నలుగురి ముందు నా చేత కారు మూడుసార్లు వెనక్కి తీయించాడు. అందరూ నవ్వారు. ఇంత చిన్న విషయానికా అని మీరు అడగొచ్చు. అవును, ఇంత చిన్న విషయానికే.

మా బావమరిది గృహప్రవేశానికి వారం ముందు ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. డ్రైవ్ చేయకూడదు, వంగకూడదు అన్నారు. ఆవు రాదేమోనని మా అత్తగారు బెంగపడుతుంటే నేను తెస్తానన్నాను. ట్రాక్టర్ తోలినవాడికి ఇదెంత అన్నాను. నేను ట్రాక్టర్ తోలింది మొత్తం రెండుసార్లు.

ముహూర్తం ఉదయం ఏడూ ముప్పై ఎనిమిదికి. నేను ఆయన ఇంటికి చేరేసరికే ఆలస్యమైంది. ముందు రోజు వాళ్లబ్బాయి చేత ట్రైలర్‌ను ట్రక్కుకు కట్టించి ఉంచాడు. ఆవూ దూడా ఎక్కి ఉన్నాయి. ఒక్క పని మిగిలింది. ట్రైలర్‌కు వేరే బ్రేకులుంటాయి. అవి పనిచేయాలంటే దాని వైరు చివరి ప్లగ్గును ట్రక్కు వెనక సాకెట్‌లో గుచ్చాలి. రాత్రంతా గుచ్చి ఉంచితే బ్యాటరీ దిగిపోతుందని తెల్లారాక పెట్టమన్నాడు. నేను వంగి గుచ్చాను. దిగలేదు. సాకెట్ మూత తుప్పు పట్టి సగమే తెరుచుకుంది. ఇంకోసారి నొక్కాను. ఫోన్ మోగుతోంది, బావమరిది. వైరును ట్రైలర్ గొలుసుకు చుట్టేసి లేచి ట్రక్కెక్కాను.

ఆయన ఒక కంటికి మూత కట్టుకుని ట్రక్కు కిటికీ దగ్గరకొచ్చాడు.

"నలభై మైళ్లు దాటనీకు అబ్బాయ్. బ్రేకు ఒక్కసారే తొక్కబాక. అది నిలబడి ఉంటది, మనలాగా బెల్టు పెట్టుకుని కూర్చోదు. ప్లగ్గు పెట్టావా?"

"పెట్టానండి."

"ట్రైలర్ లైట్లు ఎలిగినయ్యా?"

"వెలిగాయండి. టైమ్ అవుతోంది, ఇక వదలండి."

"సరే, జాగ్రత్త."

ఎందుకు అబద్ధమాడాను? దిగట్లేదని ఒక్క మాట అంటే ఆయనే ఏదో నూనె చుక్క వేయించి ఉండేవాడు. అయిదు నిమిషాల పని. కానీ ఆ అయిదు నిమిషాలూ ఆయన నాకు పాఠం చెబుతాడు, నేను నిలబడి వినాలి. ముహూర్తం మిగతా ప్రపంచానికి సాకు. నిజం ఏమిటంటే నాకు ఆయన నోట ఇంకో సలహా వినబుద్ధి కాలేదు.

నలభై దాటాను. పెద్ద సిగ్నల్ దగ్గర ఎరుపు పడింది. తొక్కాను. ట్రక్కు ఆగబోయింది గానీ వెనకున్న బరువు ఆగలేదు, నన్ను నెట్టుకుంటూ వచ్చింది. ముందున్న కారును తప్పించబోయి పక్కకు తిప్పాను. ట్రైలర్ చక్రం కాలవలోకి దిగింది. లోపల ఆవు పడిన చప్పుడు వినిపించింది.

దిగాను. ఇప్పుడు బాగా వినండి. నేను ముందు ఆవును చూడలేదు. ఎవరికీ ఫోన్ చేయలేదు. ట్రక్కు వెనక్కి వెళ్లి రెండు చేతులతో మూత వంచి ప్లగ్గు గుచ్చాను. దిగింది.

ఆవు ముందుకాలు విరిగింది. పశువుల డాక్టరు వచ్చి లాభం లేదని ప్రాణం పోయే సూది వేసింది. దూడ గీత కూడా పడకుండా బయటపడి అరుస్తూనే ఉంది. సూర్యం గారిని ఆయన భార్య తీసుకొచ్చింది. బ్రేకు పట్టలేదండీ, పాత బండి కదా అన్నాను. ఆయన తడుముకుంటూ వెళ్లి ప్లగ్గును చేత్తో పట్టి చూశాడు. "పెట్టే ఉంది. అయితే పోయిన నెల ట్రక్కులో నేను బాగుచేసిన ట్రైలర్ బ్రేకుల కంట్రోల్ బాక్సే చెడింది," అన్నాడు. ఒక్కసారి బండెక్కి పరీక్షించి ఉంటే నేను అక్కడే దొరికిపోయేవాణ్ణి. ఆయన పరీక్షించలేదు. నన్ను నమ్మాడు, తన చేతిపనిని నమ్మలేదు. ట్రక్కును పాత ఇనుముకు ఇచ్చేశాడు.

తర్వాత మనవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఆయన్ని దుమ్మెత్తిపోశారు. డొక్కు బండిలో గోమాతను పంపి చంపాడన్నారు. నేను ఒక్క ముక్క కాదనలేదు. ఒకటి రెండు మెసేజ్‌లకు బొటనవేలు గుర్తు కూడా పెట్టాను.

గోహత్య దోషం పోవడానికి గుడిలో ప్రాయశ్చిత్త హోమం చేయించారు. పీటల మీద ఆయన, ఆయన భార్య. పంతులుగారు ఆయన పేరు, ఆయన గోత్రం చదివి, తెలిసీ తెలియక చేసిన పాపం అన్నారు. నేను రెండో వరుసలో అక్షతలు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత పులిహోర తిన్నాను. ఆకలేసింది, తిన్నాను. ఆయన చేతులు కడుక్కుంటూ నా దగ్గరకొచ్చి, నీకేం కాలేదు, అదే పదివేలు అన్నాడు. ఆ మాటకు నాకు కోపమొచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆయన దగ్గర పశువులు లేవు. దూడను ఎవరికో ఇచ్చేశాడు. గుడికి వస్తాడు, వెనక కూర్చుంటాడు. ఎవరికీ ఏమీ చెప్పడు. మొన్న పార్కింగ్‌లో ఎవరో కుర్ర దంపతులు కారును అడ్డదిడ్డంగా పెడుతుంటే చూసి తల తిప్పుకున్నాడు. నాకు ఆయన దగ్గర సరిపడనిది ఆ సలహాలు చెప్పే గుణమొక్కటే, దాన్నే చంపాను. సంతోషంగా ఉన్నానా? లేను. ఆయన మీద ప్రేమేమైనా పుట్టిందా? అదీ లేదు.

ఆయన దగ్గరకెళ్లి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పను. క్షమిస్తాడని నా భయం. మీరు క్షమించకపోయినా పర్వాలేదు, ఇంతవరకూ రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. పేరు రాసే ధైర్యం లేదు. ఆ రోజు పీటల మీద కూర్చున్నవాడు భారద్వాజస గోత్రుడు. కూర్చోవలసినవాడు కౌండిన్యస గోత్రుడు. అది నేను.