మెడ తిరగని ఊరు

మొన్న మెడ నొప్పికి వ్యాయామం నేర్పడానికి వచ్చిన అమ్మాయి, "గడ్డం ఛాతీకి ఆనించండి, ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి" అంది. ఎనభై దాటిన మెడ ఒకరి మాట వింటుందా? నవ్వుకుని ఊరుకోవలసింది. కానీ నవ్వు రాలేదు. అరవైల చివర్లో దేవరకొండ అవతల ఒక పల్లెలో ఇంటింటికీ తిరిగి ఆ మాటలే నేను చెప్పాను.

అప్పుడు హైదరాబాదులో ప్రజారోగ్యంలో పై చదువు చదువుతున్నాను. మా ప్రొఫెసరు విదేశాలు తిరిగొచ్చిన మనిషి. గోడ మీద ఆఫ్రికా పల్లెల బొమ్మలు వేసి, వెనకబడిన దేశాలు ఎలా బాగుపడాలో గంటల తరబడి చెప్పేవారు. చెరువు నీళ్ళు తాగితే కాల్లోంచి దారంలాంటి పురుగు బయటికొచ్చే నారికురుపు, లోతు బావి నీళ్ళు క్షేమం అని పరీక్షలో రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆఫ్రికా నదుల పేర్లు కంఠతా వచ్చు గానీ దేవరకొండ ఏ దిక్కున ఉందో తెలియదు. పరిశోధనకని సరిగ్గా అక్కడికే పంపారు.

జీపు ఊళ్ళోకి వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. గోడ నీడన కొందరు మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. డ్రైవరు హారను కొట్టాడు. ఒక్క తలా తిరగలేదు. కాసేపటికి, కాళ్ళు కొంచెం కొంచెంగా జరుపుకుంటూ, మనుషులకు మనుషులే తిరిగారు. వంగిన నడుములు, బిగుసుకుపోయిన మెడలు, కళ్ళు మాత్రం పైకెత్తి మమ్మల్నే చూస్తున్నాయి. డాక్టరునన్న సంగతి మరిచిపోయి జీపు తలుపు గట్టిగా పట్టుకున్నాను.

నేను బస చేసిన ఇంటి అవ్వ నేల తప్ప మరేమీ కనిపించనంతగా వంగిపోయింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి ముందు పెట్టింది. కాళ్ళు కడుక్కోవడానికనుకుని పాదం చాచాను.

"ఆగు బిడ్డా, నీ మొకం సూడనియ్యి" అంది.

ఆ ఊరి ముసలివాళ్ళు ఆకాశం చూడాలన్నా, మనిషిని చూడాలన్నా అంతే. నీళ్ళలో నా ముఖం, దాని పక్కన కదలని ఆమె కళ్ళు. "సల్లగుండు" అని నీళ్ళలోని నా ముఖంతోనే అంది.

ఆమె కోడలు ఊరి లోతు బావి నుంచి తెచ్చిచ్చిన మంచినీళ్ళు తేటగా, కమ్మగా ఉన్నాయి. చెంబెడు తాగేశాను. ఎముకలను కొయ్యబార్చే ఫ్లోరైడు ఉన్నది ఆ లోతు బావి నీళ్ళలోనేనని తరువాత నీళ్ళు పరీక్షిస్తే తేలింది. మెడలు చూడడానికి ఇంటింటికీ వెళ్ళి చెబితే, చిన్నపిల్లలు గడ్డం ఛాతీకి ఆనించి కిలకిలా నవ్వేవారు. పడుచువాళ్ళు సగంలో ఆగిపోయేవారు. పెద్దలు ప్రయత్నించేవారే కాదు. ఆ వీధిలో నడవాలంటే నాకు భయంగానే ఉండేది.

కోడలికి ఏడో నెల. పుట్టిల్లు హాలియా వైపు. అక్కడికి అప్పుడప్పుడే సాగర్ కాలువ నీళ్ళు వస్తున్నాయి. ఒక పొద్దున అవ్వ అడిగింది.

"దాని కడుపుల బిడ్డ గూడ గిట్లనే అయితదా డాక్టరమ్మా?"

"ఈ నీళ్ళే తాగి పెరిగితే అవుతుందవ్వా."

"మరి చెర్ల నీళ్లు తాగితే నారికురుపైతదని మీరే చెప్తిరి గద. ఏం తాగాలె మేము?"

నా పుస్తకాల్లో ఉన్నవి ఆ రెండు నీళ్ళే.

పురిటికి వెళ్ళిన కోడలు ఐదో నెల బిడ్డతో అత్తింటికి రావడం అక్కడి ఆనవాయితీ. ఆమె అన్న బండి కట్టుకొచ్చిన రోజు అవ్వ కోడలికి బొట్టు పెట్టి, చెయ్యి వదలకుండా, "మళ్ల రాకు బిడ్డా. నా కొడుకును గూడ ఆడికే తోలిస్త. కాలువ మీద కూలి జేసుకోని బతుకుండ్రి" అంది.

"ఒక్కదానివి ఎట్లుంటవత్తా?" అని కోడలు ఏడ్చింది.

"నాకు ఇంకింత వంగెటందుకు ఏమున్నది పో."

కన్నీళ్ళు కనబడకూడదని అవ్వ గోడకేసి తిరిగింది. బండి కదిలాక ఉండబట్టలేకపోయింది. ఒక కాలు, తరువాత ఇంకో కాలు జరుపుకుంటూ మళ్ళీ ఇటు తిరగడం మొదలుపెట్టింది. నేను భుజం పట్టుకున్నాను. పూర్తిగా తిరిగేసరికి దారిలో దుమ్ము తప్ప ఏమీ లేదు.

"పోయిండ్రా?"

"పోయారవ్వా."

"మంచిగైంది" అంది.

మరుసటి ఎండాకాలం అవ్వ పోయిందని మా డ్రైవరు చెప్పాడు. మనవరాలో మనవడో, ఆ బిడ్డను ఆమె చూడనే లేదు. నేనూ చూడలేదు. ఆ బిడ్డకిప్పుడు అరవై దగ్గరపడుతుంటాయి. కాలువ నీళ్ళు తాగి పెరిగి, నిటారుగానే ముసలితనానికి వచ్చి ఉంటుందని నమ్ముతాను. కాలం మీద నాకు మిగిలిన నమ్మకం అదొక్కటే.