గడియారం మీద సొట్టలు

రేవులో ఆమెను అందరూ అతుకులక్క అనే పిలిచేవారు. నీళ్లలో మునిగి ఓడల అడుగున ఇనుము కోసేవాళ్ల రబ్బరు సూట్లు చిరిగితే, రేకుల షెడ్డులో కూర్చుని వాటికి అతుకులు వేయడం ఆమె పని. జిగురు వాసన తలకు పట్టేసేది. వేళ్ల చివర్లు ఎంత తోమినా నల్లగానే ఉండేవి. పెళ్లయిన కొత్తలో భర్త వేళాకోళమాడేవాడు: "మా ఆవిడ అతుకు వేసిందంటే సముద్రమైనా సరే, చెప్పులు విప్పి గుమ్మం బయటే నిలబడాలి."

అతనూ నీళ్లలో దిగేవాడే. మునిగిపోతున్న ఓడలోంచి మనుషుల్ని లాగినందుకు ఒక కెప్టెన్ తన చేతి గడియారం తీసి అతనికి తొడిగాడు. ఎంత లోతులోనైనా ఆగకుండా నడిచే బరువైన స్టీలు గడియారం అది. పనిలోంచి రాగానే దాన్ని మెత్తటి గుడ్డతో తుడుచుకునేవాడు. "నన్నెప్పుడైనా ఇంత అపురూపంగా చూశారా?" అని ఆమె మూతి తిప్పేది.

ఒకనాడు పాత ఓడను కోస్తుండగా ఇనపరేకు విరిగి మీద పడి, అతను పోయాడు. పైన పడవలో ఒంటరిగా గాలిగొట్టం పట్టుకుని ఉన్నది మరిదే. "ఒక్క క్షణంలో అయిపోయింది, వదినా. అన్నయ్యకు ఏం జరిగిందో కూడా తెలీదు" అన్నాడు.

ఆ తర్వాత మరిది మళ్లీ నీళ్లలో దిగలేదు. కాళ్లీడుస్తూ ఒడ్డునే తాళ్లు చుట్టే పనిలో కుదురుకున్నాడు. పిరికివాడన్నారు. 'ఒడ్డుదొర' అని పేరు పెట్టారు. అతుకులక్క కూడా అన్నం పెడుతూనే దెప్పేది: "అన్న పోయాడో లేదో, నీళ్లకు దణ్ణం పెట్టేశావు." అతను తలొంచుకుని తిని లేచిపోయేవాడు.

ఏళ్లు గడిచేసరికి అతని తుంటి ఎముకలు పుచ్చిపోయాయి. రెండు కర్రలుంటే తప్ప లేవలేడు. ఆపరేషన్ చేయాలన్నారు. ఆ రకం గడియారాల కోసం ఇప్పుడు సేకరించేవాళ్లు ఎగబడుతున్నారని షెడ్డు మేస్త్రీ చెప్పాడు. ఎంత దెప్పినా ఆమెకు మిగిలినవాడు అతనొక్కడే. పెట్టె అడుగునుంచి గడియారం తీసింది.

వేలం కంపెనీ గదిలో ఒకావిడ దాన్ని భూతద్దం కింద పెట్టి తిప్పి తిప్పి చూసింది.

"మెరుగు పెట్టించి అరగదీయలేదు, మంచి పని చేశారు. కానీ ఈ సొట్టలన్నీ ఒక్క వైపే ఉన్నాయేంటమ్మా? దేనికో వేసి కొట్టినట్టున్నాయి."

"ఇనపరేకు మా ఆయన మీద పడింది కదండీ" అంది అతుకులక్క. అంటూనే మరిది వైపు చూసింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైందిరా?"

అతను కర్రలను దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత నేలను చూస్తూ చెప్పాడు.

"గొట్టం లాగితే రాలేదు, వదినా. గాలి సిలిండరు కట్టుకుని నేను దిగాను. బురద లేచిపోయి నా చెయ్యి నాకే కనబళ్లేదు. చప్పుడు వినిపించింది. అన్నయ్య గడియారంతో రేకును కొడుతున్నాడు. నీళ్లలో చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలీదు, చుట్టూతా వస్తుంది. తడుముకుంటూనే ఉన్నాను. కాసేపటికి ఆగిపోయింది."

"మరి నీ కాళ్లు?"

"గాలి అయిపోయి ఒక్క ఊపున పైకొచ్చేశాను. అంత లోతునుంచి అలా రాకూడదు, ఆగుతూ ఆగుతూ రావాలి. ఎముకలు అప్పుడే చచ్చాయన్నాడు డాక్టరు."

"దిగానని ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది? ఇన్నేళ్లు తిడుతుంటే పడ్డావా?"

"దిగానంటే, ఏం చూశావ్, ఏం విన్నావ్ అని నువ్వడుగుతావు కదా."

భూతద్దం ఆవిడ గొంతు తగ్గించి, ఇష్టమైతే ఈ సంగతి గడియారం వివరాల్లో రాస్తామని, రాస్తే ధర బాగా పెరుగుతుందని చెప్పింది. మరిది వద్దన్నట్టు చెయ్యూపాడు. అతుకులక్క మాత్రం, "రాయండి. వీడు దిగాడని కూడా రాయండి. పేరుతో రాయండి" అంది.

వేలం రోజున అది చదివి వినిపించారు. మరుక్షణం చేతులు లేచాయి. ధర పెరుగుతూ పోయింది. మొగుడి ఆఖరి ఊపిరిని ఎవరెవరో బేరమాడుతున్నారు. సుత్తి బల్ల మీద ఠంగుమని పడింది. ముందు వరసలో చప్పట్లు కొట్టారు. ఆ సుత్తి చప్పుడుకే మరిది కర్రలు వెతుక్కుని బయటికి వెళ్లిపోయాడు. ఆమె వెళ్లేసరికి మెట్ల మీద రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాడు.

ఆపరేషన్ ఒక కాలికే ఫలించింది. రెండోది ఆలస్యమైపోయిందన్నారు.

"చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడు ఆసుపత్రి మంచం మీద.

"చెప్పకపోతే నిన్ను తిడుతూనే చచ్చేదాన్ని. పాలు చల్లారిపోతున్నాయి, తాగు."

అతను తాగి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. చూస్తుండగానే గురక మొదలైంది. ఇన్నేళ్లలో అతను అంత గాఢంగా నిద్రపోవడం ఆమె చూడలేదు. ఆమెకు మాత్రం కన్ను మూతపడలేదు. దుప్పటి అతని భుజం దాకా లాగి, ఖాళీ గ్లాసు కడగడానికి లేచింది.